పెద్దవాళ్లకు ఇంప్లాంటా, బ్రిడ్జా? పక్క పళ్లను, బ్రష్ పట్టే చేతిని చూసి తేల్చుకోవాల్సిన లెక్క

పన్ను పీకించుకొచ్చి వారం తిరక్కుండానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. డెంటిస్టు ఒక కాగితం మీద రెండు అంకెలు రాసిస్తారు: బ్రిడ్జికి ఇంత, ఇంప్లాంటుకు ఇంత. ఆ కాగితం ఫొటో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్తుంది. బెంగళూరులో ఉన్న కొడుకు "డబ్బు సంగతి చూడకండి, ఇంప్లాంటే పెట్టించండి" అంటాడు. డల్లాస్‌లో ఉన్న కూతురు "ఈ వయసులో ఎముకలో స్క్రూ వెయ్యడమేంటి, అమ్మ తట్టుకోగలదా" అని టెన్షన్ పడుతుంది. డెబ్బై ఏళ్ల అమ్మ మాత్రం "ఇంకెన్నేళ్లు బతుకుతానని ఇంత ఖర్చు, వదిలెయ్యండి" అంటుంది. ముగ్గురిదీ ప్రేమే. కానీ ముగ్గురి చూపూ వయసు మీద, డబ్బు మీద ఉంది. ఈ విషయాన్ని నిజంగా తేల్చేవి ఇంకో రెండు ఉన్నాయి. పోయిన పన్నుకు అటూ ఇటూ ఉన్న పళ్లు ఎలా ఉన్నాయన్నది ఒకటి. రాబోయే పది పదిహేనేళ్లు ఆ నోటిని ఎవరి చేయి శుభ్రం చేస్తుందన్నది రెండోది.

మాట తేలిగ్గా అర్థం కావాలంటే ఒక పన్నును ఎంచుకుని చూడాలి. చాలామందికి ముందుగా పోయేది కింది దవడలో మొదటి పెద్ద దవడ పన్ను. పాలపళ్లు ఇంకా ఊడకముందే, ఆరేళ్ల వయసులో వాటి వెనక వచ్చేస్తుంది కాబట్టి, అది కూడా పాలపన్నేలే అనుకుని చిన్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. జీవితమంతా నమిలే బరువులో పెద్ద వాటా దానిదే. అరవై దాటేసరికి దానికి ఒకసారి రూట్ కెనాల్, ఒకసారి క్యాప్ అయిపోయి, చివరికి వేరు చీలి పీకాల్సి వస్తుంది. ఆ ఖాళీకి ముందు ఒక చిన్న దవడ పన్ను, వెనక రెండో పెద్ద దవడ పన్ను ఉంటాయి. ఇప్పుడు ఆ మధ్యలో ఏం పెట్టాలన్నదే ప్రశ్న.

బ్రిడ్జి అంటే పేరుకు తగ్గట్టే వంతెన. ముందు పన్నునూ వెనక పన్నునూ చుట్టూ అరగదీసి, రెండిటికీ క్యాపులు చేసి, ఆ రెండు క్యాపుల మధ్య ఒక కృత్రిమ పన్నును అతికించి, మూడింటినీ ఒకే ముక్కగా సిమెంటుతో బిగిస్తారు. సర్జరీ లేదు, కుట్లు లేవు. రెండు మూడు సార్లు క్లినిక్‌కు వెళ్తే, పది పదిహేను రోజుల్లో పని పూర్తవుతుంది. పెద్దవాళ్లకు ఇదే పెద్ద ఊరట. కానీ అరగదీయడం అన్న మాటను తేలిగ్గా తీసుకోకూడదు. క్యాపు పట్టాలంటే పైకి కనిపించే పన్ను భాగంలో సగానికి పైగా పోతుంది. ఒకసారి పోయిన ఎనామిల్ మళ్లీ రాదు. ఏ లోపమూ లేని రెండు పళ్లను, మూడో పన్ను కోసం ఇలా తగ్గించడం దాని అసలు ధర. ఎస్టిమేట్ కాగితంలో ఆ ధర కనిపించదు.

ఇంప్లాంటును మన దగ్గర చాలామంది స్క్రూ పన్ను అంటారు. దవడ ఎముకలో చిన్న రంధ్రం చేసి టైటానియం స్క్రూను బిగిస్తారు. కింది దవడలో సుమారు మూడు నెలలు, పై దవడలో ఎముక మెత్తగా ఉంటుంది కాబట్టి ఆరు నెలల వరకు ఆగుతారు. ఈలోగా ఎముక ఆ లోహాన్ని అంటిపెట్టుకుని పెరుగుతుంది. తర్వాత దాని మీద పన్ను బిగిస్తారు. టైటానియానికి ఈ గుణం ఉందని స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల్లో కుందేళ్ల మీద వేరే ప్రయోగం చేస్తూ గమనించారు. ఎముకలో పెట్టిన పరికరాన్ని తీయబోతే అది ఎముకతో కలిసిపోయి రాలేదు. 1965లో గోథెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే వ్యక్తికి ఆయన మొదటిసారి ఇలాంటి ఇంప్లాంట్లు పెట్టారు. 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి లార్సన్ నోట్లో పనిచేశాయి.

ఈ నలభై ఏళ్ల కథ విన్నవాళ్లకు వెంటనే వచ్చే ఆలోచన, అన్నేళ్లు డెబ్బై ఏళ్లవాళ్లకు ఎందుకని. ఇక్కడ ఒక అంకె గుర్తుంచుకోవాలి. మన దేశంలో అరవై ఏళ్లకు చేరినవాళ్లు సగటున ఇంకో 18 ఏళ్ల దాకా జీవిస్తారు. పుట్టినప్పటి నుంచి లెక్కేసే సగటు ఆయుర్దాయాన్ని చూసి "ఇంకెన్నాళ్లులే" అనుకోవడం పొరపాటు, ఎందుకంటే అరవై దాటిన మనిషి చిన్న వయసు గండాలన్నీ దాటేసి వచ్చిన మనిషి. 68 ఏళ్ల నాన్నకు పెట్టించే పన్ను పదిహేనేళ్లు పనిచేయాల్సి రావచ్చు. అన్నం, పప్పు మెత్తగా కలుపుకుని తింటే సరిపోతుంది అనేవాళ్లు మునక్కాయ ముక్క, చెరుకు, వేయించిన వేరుశనగలు, పచ్చి క్యారెట్ ఒక్కొక్కటిగా పళ్లెంలోంచి మాయమవడం గమనించరు. నమలలేని మనిషి మెత్తని పిండి పదార్థాల వైపు జరుగుతాడు. షుగర్ ఉన్న మనిషికి అది రెండో దెబ్బ.

ఇక ఏది ఎక్కువ కాలం ఉంటుందన్న ప్రశ్న. చాలా పరిశోధనలను కలిపి చూసిన సమీక్షల ప్రకారం, పదేళ్ల తర్వాత కూడా ఇంప్లాంట్లలో నూటికి 95 వరకు, మామూలు బ్రిడ్జిల్లో 90కి దగ్గరగా నోట్లో నిలిచే ఉంటున్నాయి. ఈ తేడా చూసి తీర్పు ఇచ్చేయడం తొందరపాటు. ఆ లెక్కల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా క్రమం తప్పకుండా చెకప్‌కు వచ్చినవాళ్లు. ఎన్ని పోయాయన్న దానికంటే ఎలా పోయాయన్నదే ఇంట్లోవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది.

బ్రిడ్జి పాడయ్యే దారి ఇలా ఉంటుంది. రెండు క్యాపుల్లో ఒకదాని కింద సిమెంటు కొద్దిగా కరుగుతుంది. రెండోవైపు గట్టిగా పట్టుకునే ఉంటుంది కాబట్టి బ్రిడ్జి ఊడదు, కదిలినట్టు కూడా తెలియదు. ఆ సందులోకి లాలాజలం, తిండి అణువులు దిగి లోపల పన్ను నిశ్శబ్దంగా పుచ్చిపోతుంది. ఆ పన్నుకు ముందే రూట్ కెనాల్ అయి ఉంటే నొప్పి కూడా రాదు. నోటి నుంచి వాసన, నమిలినప్పుడు ఏదో చెడు రుచి, ఇవే సంకేతాలు. పెద్దవాళ్లు వీటిని అజీర్ణం మీదకు తోసేస్తారు. చివరికి ఒకరోజు బ్రిడ్జి మొత్తం, లోపలి పన్ను విరిగిన ముక్కతో సహా చేతిలోకి వస్తుంది. ఒక పన్ను ఖాళీ కోసం మొదలైన పని రెండు పళ్ల ఖాళీగా మారుతుంది. ఈసారి ఇంకా పొడుగు బ్రిడ్జి వెయ్యాలంటే ఇంకో పన్నును అరగదీయాలి. ఇలా ఒక్కొక్క పన్నే మెట్టు దిగుతూ పోవడం పెద్దవాళ్ల నోళ్లలో కళ్లముందు కనిపించే విషయమే.

ఇంప్లాంటుకు పుచ్చు పట్టదు, అది లోహం కాబట్టి. కానీ దాని చుట్టూ ఉన్న చిగురుకు, ఎముకకు జబ్బు రావచ్చు. గార పేరుకుంటే చిగురు వాచి, రక్తం వచ్చి, ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. దీన్నే పెరీ ఇంప్లాంటైటిస్ అంటారు. సొంత పన్నుకు వేరు చుట్టూ సన్నని నారల పొర ఉంటుంది. అది బరువును గ్రహిస్తుంది, రాయి తగిలితే మెదడుకు చెబుతుంది. ఇంప్లాంటుకు ఆ పొర లేదు, ఎముకకే నేరుగా అతుక్కుంటుంది. అందుకే దాని చుట్టూ జబ్బు మొదలైతే కాస్త వేగంగా లోపలికి పోతుంది, నొప్పి కూడా చివరిదాకా తెలియదు. అయినా ఒక మేలు ఉంది. ఇంప్లాంటు విఫలమైతే పోయేది ఆ ఒక్క ఇంప్లాంటే. పక్క పళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి.

కాబట్టి ముందు చూడాల్సింది పక్క పళ్లనే. ఖాళీకి అటూ ఇటూ ఉన్నవి ఎన్నడూ డ్రిల్లు తగలని మంచి పళ్లైతే, మనిషి ఆరోగ్యం అనుకూలిస్తే, ఇంప్లాంటు వైపే మొగ్గాలి. బాగున్న రెండు పళ్లను కొయ్యడానికి డెబ్బై ఏళ్లు కారణం కాదు. వయసు పెరిగినంత మాత్రాన ఎముక ఇంప్లాంటును తిరస్కరించదు. ఎనభై ఏళ్లవాళ్లకు పెట్టినవీ నిలుస్తున్నాయి. దీనికి భిన్నంగా, పక్క పళ్లు రెండిటికీ ఇప్పటికే రూట్ కెనాల్ అయి, పెద్ద పెద్ద సిమెంటు ఫిల్లింగులతో క్యాపు కోసమే ఎదురుచూస్తుంటే, వాటికి ఎలాగూ క్యాపులు వెయ్యాలి. ఆ రెండు క్యాపుల మధ్య ఒక పన్ను చేర్చడం సహజమైన పని. అక్కడ "ఇంప్లాంటే గొప్పది" అని పట్టుబట్టడం అనవసరపు సర్జరీకి దారి తీస్తుంది.

మధ్యస్థంగా ఉండే కేసులే ఎక్కువ. ఒక పక్క పన్ను మంచిది, రెండోది చిగురు జబ్బుతో కొంచెం ఊగుతోంది. ఊగే పన్నుకు బ్రిడ్జి కట్టడం, బలహీనమైన గోడ మీద దూలం వేసినట్టే. మన పెద్దవాళ్లలో ఇంకో సంగతి కూడా ఉంది. బొగ్గుపొడితో, ఇటుక పొడితో ఏళ్ల తరబడి తోముకున్న పళ్లు అరిగి పొట్టిగా అయిపోతాయి. పొట్టి పన్నుకు క్యాపు పట్టు దొరకదు, తరచూ ఊడుతుంది. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల ఎనామిల్ మీద మచ్చలు, గుంటలు ఉంటాయి. పక్క పన్నును దాదాపు అరగదీయకుండా వెనకవైపు జిగురుతో రెక్కలా అతికించే మేరీలాండ్ బ్రిడ్జి, ముందు పళ్లకు మంచి ఉపాయమే కానీ, ఇలాంటి ఎనామిల్ మీద జిగురు అంత బాగా పట్టదు. ఇవన్నీ నోరు తెరిచి చూస్తేనే తెలిసే సంగతులు. ఫోన్లో ఫొటో చూసి, వీడియో కాల్‌లో విని కొడుకూ కూతురూ తేల్చగలిగేవి కావు.

పన్ను పోయి ఎన్నేళ్లయిందన్నది కూడా అడగాలి. పన్ను పీకాక మొదటి ఏడాదిలోనే ఆ చోట ఎముక వెడల్పు దాదాపు సగానికి తగ్గిపోగలదు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఐదారేళ్లు ఖాళీగా వదిలేస్తే వెనక పన్ను ఖాళీలోకి వాలుతుంది, పై దవడలో ఎదురు పన్ను కిందికి దిగుతుంది. అప్పుడు ఇంప్లాంటుకు, తగ్గిన ఎముకను పెంచడానికి ఎముక పొడి నింపాల్సి రావచ్చు, బ్రిడ్జికైనా వాలిన పన్నును ఇంకా ఎక్కువ కొయ్యాల్సి వస్తుంది. కింది దవడలో పెద్ద నరం వెళ్తుంది. దానికీ స్క్రూ కొసకూ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలన్నది డాక్టర్లు పాటించే హద్దు. అది దాటితే పెదవి, గడ్డం మొద్దుబారిపోవచ్చు. పై దవడలో వెనకవైపు, ఎముకకు పైన సైనస్ అనే గాలి గది ఉంటుంది. అక్కడ ఎముక ఎత్తు చాలకపోతే సైనస్ లిఫ్ట్ అనే అదనపు సర్జరీ కావాలి. 75 ఏళ్ల మనిషికి పై దవడలో సైనస్ లిఫ్ట్‌తో కూడిన ఇంప్లాంటు, కింది దవడలో మామూలు ఇంప్లాంటు ఒకటే అనుకోకూడదు. భారం వేరు, మానే సమయం వేరు. అందుకే దవడ ఎముక ఎత్తు, వెడల్పు, లోతు చూపే సీబీసీటీ అనే 3డి స్కాన్ తీయకుండా మామూలు ఎక్స్‌రే చూసి "రేపు స్క్రూ వేసేద్దాం" అనే చోట ఒక అడుగు వెనక్కి వెయ్యడం మంచిది.

ఇప్పుడు మందుల సంగతి. పెద్దవాళ్ల విషయంలో అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే "బీపీకి ఒకటి, షుగర్‌కి రెండు" అని చెబుతారు. ఎముకలు గుల్లబారకుండా ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్, ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్, వారానికి ఒక్కటే వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర, ఇవి రోజూ వేసుకునేవి కాదు కాబట్టి గుర్తు రావు. కావాలని దాచడమేమీ కాదు, అది మందుల డబ్బాలో కనిపించదు, అంతే. ఈ మందులు వాడేవాళ్లలో పన్ను పీకినప్పుడో, ఎముకలో స్క్రూ వేసినప్పుడో ఆ చోట దవడ ఎముక మానకుండా బయటపడి కుళ్లే ప్రమాదం ఉంది. 2003 నుంచి వైద్యులు దీన్ని గుర్తిస్తున్నారు. ఎముకల బలానికి వాడే మోతాదులో ఆ ప్రమాదం తక్కువే, జాగ్రత్తలతో చాలామందికి ఇంప్లాంటు పెట్టొచ్చు. క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడు నెలనెలా ఇచ్చే పెద్ద మోతాదుల్లో మాత్రం ప్రమాదం చాలా ఎక్కువ, అక్కడ ఇంప్లాంటు ఆలోచనే మానుకోవాలి, బ్రిడ్జో తీసి పెట్టుకునే పళ్లో చూసుకోవాలి. ఇంకో జాగ్రత్త ఏమిటంటే, పన్ను కోసమని డెనోసుమాబ్‌ను సొంతంగా ఆపేయకూడదు. ఆపితే వెన్నుపూసలు విరిగే ముప్పు ఒక్కసారిగా పెరుగుతుంది. ఎముకల డాక్టరు, పళ్ల డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన విషయమిది.

రక్తం పలచబడే మందులదీ అదే దారి. స్టెంట్ వేయించుకున్న నాన్న, "రేపు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలి" అని తనకు తానే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపేస్తాడు. చిగురు నుంచి కారే రక్తాన్ని గుడ్డ నొక్కి, కుట్టు వేసి ఆపొచ్చు. స్టెంట్‌లో గడ్డకట్టిన రక్తాన్ని అలా ఆపలేం. ఒక్క ఇంప్లాంటుకు సాధారణంగా ఈ మందులు ఆపాల్సిన అవసరం రాదు, ఏ నిర్ణయమైనా గుండె డాక్టరుదే. వార్ఫరిన్ వాడేవాళ్లకు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష ముందుగా చేయిస్తారు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లకు సర్జరీకి ముందు యాంటీబయాటిక్ మోతాదు ఇవ్వాలి.

షుగర్ ఉందని ఇంప్లాంటును వద్దనేయడం పాత మాట. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 7 దగ్గర అదుపులో ఉన్నవాళ్లకు ఫలితాలు బాగానే ఉంటాయి. 9, 10 ఉన్నప్పుడు తొందరపడకుండా ముందు దాన్ని దించాలి. పళ్లు ఆగగలవు. పొగ, జర్దా, గుట్కా మాత్రం ఇంప్లాంటుకు గట్టి శత్రువులు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో చుట్టను మండే కొస నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు పెద్ద వయసు ఆడవాళ్లలో ఉంది. అంగిలి క్యాన్సర్‌కు అది కారణమని ఎప్పుడో తేలింది. అలాంటి అమ్మమ్మ నోట్లో ఖాళీ పన్ను గురించి మాట్లాడేముందు అంగిలి మీద తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఉందేమో చూడాలి. మెడకు, దవడకు రేడియేషన్ తీసుకున్నవాళ్ల ఎముక కూడా సరిగా మానదు, వాళ్లకు బ్రిడ్జి వైపు మొగ్గడమే క్షేమం.

బీపీ, నిద్ర, డిప్రెషన్, అలర్జీ మందుల్లో చాలావాటికి నోరు ఎండిపోయే గుణం ఉంది. ఇది చిన్న ఇబ్బందిలా కనిపిస్తుంది కానీ బ్రిడ్జి నిర్ణయాన్ని నేరుగా తాకుతుంది. లాలాజలం తగ్గిన నోట్లో చిగురు అంచుల దగ్గర, వేరు బయటపడిన చోట పళ్లు త్వరగా పుచ్చుతాయి. బ్రిడ్జి క్యాపు అంచు ఉండేది సరిగ్గా అక్కడే. రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు తాగే, పొడిగా ఏదీ మింగలేని మనిషికి బ్రిడ్జి వేస్తే, దాన్ని మోసే పళ్లను కాపాడుకోవడానికి రోజూ యుద్ధమే. అక్కడ పుచ్చు పట్టని ఇంప్లాంటుకు ఒక మార్కు ఎక్కువ పడుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా ఈ రోజు నోరు ఎలా ఉందన్న దాని గురించి. ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని విషయం మాత్రం రేపటి చేతుల గురించి. 68 ఏళ్ల నాన్న ఇప్పుడు రెండు పూటలా చక్కగా బ్రష్ చేసుకుంటారు. 80కి చేరేసరికి కీళ్ల నొప్పితో వేళ్లు వంగకపోవచ్చు, పార్కిన్సన్స్‌తో చేయి వణకొచ్చు, పక్షవాతం వస్తే కుడిచేయి లేవకపోవచ్చు, మతిమరుపు జబ్బు వస్తే బ్రష్ ఎందుకో కూడా గుర్తుండకపోవచ్చు. అప్పుడు ఆ నోరు శుభ్రం చేసేది కోడలో, కూతురో, నెలకు ఇంత అని కుదుర్చుకున్న కేర్‌టేకరో. మంచం మీద పడుకున్న మనిషి నోట్లో బ్రష్ పెట్టడం ఎంత కష్టమో చేసినవాళ్లకు తెలుసు.

ఆ రోజును ముందుగా ఊహించుకుంటే లెక్క కొంచెం మారుతుంది. బ్రిడ్జిలో మధ్య పన్ను చిగురు మీద ఆనుకుని ఉంటుంది. దాని కింద శుభ్రం చేయాలంటే సూపర్‌ఫ్లాస్ దారాన్ని సూదిలో ఎక్కించినట్టు పక్క సందులోంచి దూర్చాలి. చూపు తగ్గిన, చేయి వణికే మనిషికి అది అయ్యే పని కాదు, వేరేవాళ్లు చేయడం ఇంకా కష్టం. నీటి ధారతో కడిగే వాటర్ ఫ్లాసర్ కొంత సాయం చేస్తుంది కానీ, మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లకు నీళ్లు గొంతులోకి పోతాయి. ఒంటరిగా నిలబడ్డ ఇంప్లాంటు పన్నును మామూలు బ్రష్‌తో, సందుల్లో దూరే చిన్న బ్రష్‌తో తోమొచ్చు. రోజువారీ పనిలో అదే తేలిక. అయితే పట్టించుకోక జబ్బు ముదిరితే, దాన్ని తీసేయడానికి మళ్లీ సర్జరీ కావాలి. 85 ఏళ్ల, బలహీనమైన మనిషికి ఆ సర్జరీ చేయించడం కుటుంబానికి పెద్ద పరీక్ష. తీసి పెట్టుకునే పళ్లు కడగడానికి అన్నిటికన్నా తేలిక. కానీ మతిమరుపు ఉన్న మనిషి ఒకటి రెండు పళ్ల చిన్న సెట్టును మింగేసే, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. ఏదీ చిక్కు లేనిది కాదు. ఏ చిక్కును ఆ ఇల్లు మోయగలదో చూసుకోవాలి.

ఇంప్లాంటు ఎంచుకుంటే, పైన పన్నును సిమెంటుతో అతికించేదా, స్క్రూతో బిగించేదా అని తప్పక అడగాలి. పెద్దవాళ్లకు స్క్రూతో బిగించేదే మేలు. అవసరమైనప్పుడు విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించొచ్చు. అతికించినప్పుడు చిగురు కిందికి జారి మిగిలిపోయే సిమెంటు పెరీ ఇంప్లాంటైటిస్‌కు ఒక ముఖ్య కారణం కూడా.

మూడో దారి ఒకటుంది. ఏమీ పెట్టించకపోవడం. అది ఎస్టిమేట్ కాగితంలో ఉండదు కాబట్టి ఎవరూ అడగరు. చివరి పెద్ద దవడ పన్ను ఒక్కటే పోయి, మిగతావి బాగుంటే, చాలామంది పెద్దవాళ్లకు దాని లోటు తెలియదు. మొత్తం 20 సొంత పళ్లుంటే ఇంచుమించు అన్నీ నమలొచ్చన్నది దంతవైద్యంలో చాలాకాలంగా ఉన్న అవగాహన. జపాన్ 1989లో "ఎనభై ఏళ్లకు ఇరవై పళ్లు" అని దేశవ్యాప్త కార్యక్రమమే పెట్టుకుంది. బలహీనమైన ఎనభై ఐదేళ్ల మనిషికి కొత్త పన్ను పెట్టించే డబ్బుతో, ఉన్న పళ్లకు గార తీయించి, ఫ్లోరైడ్ పూయించి, పదునుగా విరిగిన అంచులు నునుపు చేయించడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఇంప్లాంట్లు నిజంగా పెద్దవాళ్ల బతుకు మార్చే చోటు వేరే ఉంది, దాని గురించి మన ఇళ్లలో తక్కువ మాట్లాడుకుంటారు. పళ్లన్నీ పోయి కట్టుడు పళ్లు పెట్టుకున్నవాళ్లకు కింది సెట్టు ఎప్పుడూ నిలవదు. నాలుక కదిలితే లేస్తుంది, మాట్లాడుతుంటే జారుతుంది. నలుగురిలో తినడానికి సిగ్గుపడి పెళ్లి భోజనాలు మానేసిన పెద్దవాళ్లు ఎందరో. కింది దవడ ముందు భాగంలో రెండే రెండు ఇంప్లాంట్లు వేసి, వాటికి బటన్ల లాంటివి బిగిస్తే, సెట్టు వాటి మీద టక్కున కూర్చుంటుంది. రాత్రి తీసి కడుక్కోవచ్చు. కింది దవడలో ఒక్క పన్నూ లేనివాళ్లకు మొదటగా సూచించాల్సింది ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు ప్రకటించారు. దవడ ముందు భాగంలో ఎముక సాధారణంగా మిగిలే ఉంటుంది, పెద్ద నరం అక్కడిదాకా రాదు, కాబట్టి సర్జరీ కూడా అంత భారం కాదు.

ఖర్చు విషయానికొస్తే, మన పట్టణాల్లో ప్రైవేటు క్లినిక్‌లలో పై పన్నుతో కలిపి ఒక ఇంప్లాంటుకు సుమారు 20,000 నుంచి 50,000 రూపాయలు అడుగుతున్నారు. ఎముక పొడి, సైనస్ లిఫ్ట్ వేరు. బ్రిడ్జిని యూనిట్ల లెక్కన వేస్తారు. ఒక పన్ను ఖాళీకి మూడు యూనిట్లు. లోహం మీద సెరామిక్ అయితే యూనిట్‌కు సుమారు 3,000 నుంచి 6,000, జిర్కోనియా (లోహపు పొర లేని, గట్టి తెల్ల సెరామిక్) అయితే దానికి రెట్టింపు, ఇంకా పైన. అంటే మూడు యూనిట్ల మంచి జిర్కోనియా బ్రిడ్జి, తక్కువ ధర ఇంప్లాంటు కొన్నిచోట్ల దాదాపు ఒకే ధరకు వస్తాయి. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప మామూలు ఆరోగ్య బీమా పాలసీలు ఈ ఖర్చు ఇవ్వవు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కువసార్లు తిరగాల్సి వస్తుంది, క్యూలో కూర్చోవాలి. కానీ పళ్లు కట్టే విభాగం, చిగుళ్ల విభాగం, సర్జరీ విభాగం ఒకే కప్పు కింద ఉండి, పీజీ విద్యార్థి చేసిన పనిని ప్రొఫెసరు చూసే పద్ధతి పెద్దవాళ్ల కేసులకు మంచిదే.

పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో ఇంకో లెక్క ఉంటుంది. అమెరికాలో ఒక ఇంప్లాంటుకు వేల డాలర్లు అవుతుంది కాబట్టి, అమ్మానాన్నలు విమానం ఎక్కే లోపే ఇక్కడ పని అయిపోవాలని తొందర పెడతారు. స్క్రూ వేసి నెల తిరక్కముందే పన్ను బిగించేయమని డాక్టరును బతిమాలుతారు. ఎముక తన సమయం తాను తీసుకుంటుంది, టికెట్ తేదీని చూసుకోదు. ఆరు నెలల ప్రయాణం ముందుంటే, స్క్రూ వేయించి, చిగురు మానాక వెళ్లి, తిరిగొచ్చాక పన్ను బిగించుకోవడం ఒక పద్ధతి. లేదంటే మొత్తం పనినే వాయిదా వెయ్యడం ఇంకో పద్ధతి. అందుకోసమని ముందే బ్రిడ్జి కోసం మంచి పళ్లు కొయ్యనవసరం లేదు.

ఏది చేయించినా ఒక్క కాగితం మాత్రం అడిగి తీసుకోవాలి. ఇంప్లాంటు అయితే ఏ కంపెనీది, ఏ మోడల్, ఎంత వ్యాసం, ఎంత పొడవు, లాట్ నంబరు ఎంత అని రాసిన కార్డు, పెట్టెలోంచి తీసిన స్టిక్కరు. ఒక్కో కంపెనీ స్క్రూ విప్పడానికి ఒక్కో రకం పనిముట్టు కావాలి. పదేళ్ల తర్వాత న్యూజెర్సీలోనో నిజామాబాద్‌లోనో పై పన్ను వదులైతే, ఆ కార్డు లేకుండా అక్కడి డాక్టరు చేతులు కట్టేసినట్టే. బ్రిడ్జి అయితే ఏ పళ్ల మీద కట్టారు, లోపల రూట్ కెనాల్ అయిన పన్ను ఏది, ఎప్పుడు బిగించారు అన్నది చాలు. ఆ కాగితాన్ని పెద్దాయన బీపీ మందుల చీటీ ఉండే ఫైలులోనే పెట్టాలి. పక్కనే, వాడే మందుల జాబితాలో ఏడాదికోసారి వేయించే ఆ ఎముకల ఇంజెక్షన్ పేరు కూడా, తేదీతో సహా, పెద్ద అక్షరాలతో రాసి ఉంచాలి. ఏదో ఒక రోజు ఆ ఫైలు పట్టుకుని వెంట వెళ్లేది కొడుకూ కూతురూ కాకపోవచ్చు, పక్కింటివాళ్లో కేర్‌టేకరో కావచ్చు.